హీరో చావడని తెలిసినా టెన్షన్ ఎందుకు?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. బ్యాంకులో క్యాష్ కౌంటర్లో పనిచేస్తాను, వయసు 43. చిన్నప్పుడు మా మేనమామ అద్దెకు తెచ్చుకునే షాడో నవలలు ఆయన చూడకుండా చదవడంతో మొదలైంది నా పిచ్చి. ఇప్పటికీ గూఢచారి నవల, సస్పెన్స్ నవల అంటే పడిచస్తాను. తెలుగులో చేతికందినవన్నీ అయిపోయాయి, ఇంగ్లిషువి నెమ్మదిగా చదువుకుంటున్నాను. మా వారు తెలుగు లెక్చరర్. ఆయనది ఒకటే మాట: "హీరో చావడని నీకూ తెలుసు, రాసినవాడికీ తెలుసు. మరి ఆ టెన్షన్ దేనికి? ఆ టైములో పనికొచ్చే పుస్తకం ఏదైనా చదవొచ్చుగా" అని. జవాబు చెప్పలేక ఊరుకుంటున్నాను. రాత్రి పదకొండింటికి 'ఈ ఒక్క చాప్టరే' అని పట్టుకుంటే రెండవుతోంది. మర్నాడు కౌంటర్లో ఆవలింతలు. ఈమధ్య ఇంటర్ సెకండియర్ చదివే మా అమ్మాయి కూడా నా పుస్తకాలు తీస్తోంది. మా అత్తయ్యగారేమో "ఆ హత్యలూ కుట్రలూ ఆడపిల్లకెందుకు" అంటున్నారు. ఈ పుస్తకాలు మనిషిని ఇంతగా ఎందుకు లాగుతాయి? మానుకోవాల్సిన అలవాటేనా ఇది? కాకపోతే తర్వాత ఏం చదవమంటారు? నా పేరు వెయ్యకండి.

జవాబు: మీ వారు అడిగింది కొట్టిపారేసే ప్రశ్న కాదండీ. 1970లో లండన్‌లో కొందరు ప్రచురణకర్తలు అచ్చం అదే ప్రశ్న వేసి ఒక నవలని తిప్పి పంపారు. రాసినాయన ఫ్రెడరిక్ ఫోర్సిత్. రాయిటర్స్ విలేకరిగా పారిస్‌లో పనిచేసి, తర్వాత నైజీరియాలో బయాఫ్రా యుద్ధం చూసొచ్చి, చేతిలో డబ్బుల్లేక ఆ జనవరిలో 35 రోజులు కూర్చుని టైపు కొట్టేశాడు. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ని చంపడానికి 1963లో ఒక కిరాయి హంతకుణ్ని పెట్టుకోవడం అందులో కథ. చిక్కల్లా ఏమిటంటే, ఫోర్సిత్ ఆ నవల పట్టుకుని తిరిగేనాటికి డిగాల్ నిక్షేపంగా బతికే ఉన్నాడు. చావడని లోకమంతటికీ తెలిసినవాణ్ని చంపబోయే కథ ఎవరు కొంటారన్నారు వాళ్లు. 1971లో 'ది డే ఆఫ్ ది జాకాల్' అచ్చయ్యేసరికి డిగాల్ పోయిన మాట నిజమే, కాకపోతే అంతకుముందు నవంబరులో, తన సొంత ఇంట్లో, 79 ఏళ్ల వయసులో. పుస్తకం మాత్రం దేశదేశాల్లో విరగబడి అమ్ముడుపోయింది.

ఫోర్సిత్ ఏం చేశాడో చూడండి. చస్తాడా బతుకుతాడా అన్న లెక్కే పెట్టుకోలేదు. పని చూపించాడు. హంతకుడు ఇంగ్లండు పల్లెటూళ్ల శ్మశానాల్లో సమాధి రాళ్లు చదువుకుంటూ తిరుగుతాడు. తన ఈడువాడే, పసితనంలో పోయిన పిల్లవాడి పేరు ఒకటి దొరుకుతుంది. ఆ పేరు మీద బర్త్ సర్టిఫికెట్ తీయించి, దాంతో పాస్‌పోర్టుకి దరఖాస్తు పెడతాడు. పుట్టినవాళ్ల రిజిస్టరునీ పోయినవాళ్ల రిజిస్టరునీ పక్కపక్కన పెట్టి చూసే నాథుడు లేడు కాబట్టి పాస్‌పోర్టు వచ్చేస్తుంది. తర్వాత బెల్జియంలో తుపాకులు చేసే పనివాడి దగ్గరికెళ్లి, విప్పితే సన్నటి గొట్టాల్లో ఇమిడిపోయే రైఫిల్ కావాలంటాడు. ఎంత దూరం నుంచి కాలుస్తారు, రెండో గుండుకి వ్యవధి ఉంటుందా అని ఆ పనివాడు తాపీగా అడిగి రాసుకుంటాడు, కొత్త జాకెట్టుకి కొలతలు తీసుకునే దర్జీలాగా. రైఫిల్ చేతికొచ్చాక అడవిలోకి తీసుకెళ్లి, ఖర్బూజా పండుని చెట్టుకి వేలాడదీసి, మరలు కొద్దికొద్దిగా తిప్పుకుంటూ గురి సరిచేసుకుంటాడు.

సరిగ్గా ఇక్కడ మనలో ఒక తమాషా జరుగుతుంది. ఆ మర తిప్పేటప్పుడు గురి కుదరాలని మనకే ఉంటుంది! వాడు హంతకుడని తెలుసు, పట్టుబడాలనీ ఉంటుంది. అయినా పని తెలిసినవాడు శుభ్రంగా పని చేసుకుపోతుంటే అది పూర్తయ్యేదాకా కళ్లు తిప్పుకోలేం. ఇంకోవైపు నుంచి క్లాడ్ లెబెల్ అని ఒక పొట్టి పోలీసు అధికారి, ఇంట్లో పెళ్లాం మాటకి ఎదురు చెప్పలేని మనిషి, ఒక్కో కాగితం పట్టుకుని వెనకాలే వస్తుంటాడు. హోటల్లో రాసిన పేరు దొరికేసరికి వాడు ఖాళీ చేసి వెళ్లిపోతాడు. కారు నంబరు దొరికేసరికి రంగు మార్చేస్తాడు. ఇద్దరి మధ్యా దూరం రోజుల్లోంచి గంటల్లోకి తగ్గుతుంది. ఎవరు గెలుస్తారో మనకి మొదటి నుంచీ తెలుసు. ఎంత దగ్గరదాకా వచ్చి ఎలా తప్పిపోతుందో తెలియదు. వందల పేజీలు ఆ సందులోనే నడుస్తాయి.

ఇదంతా సీమ సరుకు అని మీ వారు తీసిపారేస్తే, ఆయన్ని ఒక్క మాట అడగండి: విరాటపర్వం పాఠం ఎన్నిసార్లు చెప్పుంటారు? మన సాహిత్యంలో అంతకన్నా పకడ్బందీ అయిన గూఢచారి కథ నాకైతే కనిపించలేదు. ఆరుగురు మనుషులు, ఒక ఏడాది, శత్రువు కాకపోయినా పరాయిదైన కొలువు. ఒకరు పాచికలాడే కంకుభట్టు, ఒకరు వంటవాడు వలలుడు, ఒకరు నాట్యం నేర్పే బృహన్నల, గుర్రాల దగ్గర ఒకరు, ఆవుల దగ్గర ఒకరు, రాణిగారి అంతఃపురంలో జడలల్లే మాలిని. పైకి ఒక పేరు, అది చాలక అన్నదమ్ములు తమలో తాము పిలుచుకోవడానికి జయుడు, జయంతుడు, విజయుడు అంటూ ఇంకో రహస్య నామం. ఆయుధాలు జమ్మిచెట్టు మీద, ఎవరూ దగ్గరికి రాకుండా శవమని నమ్మించి. దుర్యోధనుడి వేగులవాళ్లు దేశాల మీద పడి వెతుకుతున్నారు. పట్టుబడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి, మళ్లీ ఏడాది అజ్ఞాతం.

అందులో ఒక ఘట్టం చాలు. గడువు దగ్గరపడుతున్న రోజులు. కీచకుడు ద్రౌపదిని తరుముకుంటూ వచ్చి రాజు ఎదుటే కాలితో తన్నాడు. భీముడు చూశాడు. అతని చూపు దగ్గర్లో ఉన్న పెద్ద చెట్టు మీదికి పోయింది. పెరికి, దాంతోనే అందర్నీ మోదేసేలా ఉన్నాడు. ధర్మరాజు అక్కడే ఉన్నాడు, కంకుభట్టు వేషంలో. 'తమ్ముడా, ఆగు' అంటే ఆరుగురి ఏడాది కష్టమూ ఆ క్షణాన బూడిదే. అందుకని వంటవాడితో పెద్దమనిషి మాట్లాడినట్టే మాట్లాడాడు: ఏమయ్యా, వంటచెరకు కోసం ఈ చెట్టునెందుకు చూస్తావు, కట్టెలు కావాలంటే బయట బోలెడన్ని చెట్లున్నాయి కదా అని. సభలో అందరికీ వినపడింది కట్టెల ముచ్చట. భీముడికొక్కడికే వినపడింది ఆజ్ఞ. తన భార్య నేలమీద పడి ఉంది, అన్న కట్టెల గురించి మాట్లాడుతున్నాడు, ఆ కట్టెల మాటకి తలవంచి తీరాలి.

ఈ కథ ఎలా ముగుస్తుందో తెలియని తెలుగువాడుంటాడా? వానలు పడాలని ఊళ్లో విరాటపర్వం చదివించే రోజుల్లో, నిరుడు విన్నవాళ్లే మళ్లీ వచ్చి అరుగుల మీద కూర్చునేవారు. ముగింపు తెలిస్తే టెన్షన్ ఉండకూడదన్నది నిజమే అయితే మీ వారి సిలబస్‌లో సగం ఎగిరిపోతుంది. ఆయన మీద నాకేం కోపం లేదు లెండి, పుస్తకాలు ప్రేమించే మనిషి కాబట్టే పోట్లాడుతున్నారు.

ఈ సంగతిని కొందరు పరీక్షించి కూడా చూశారు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో శాఖలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 12 కథలు తీసుకుని, కొందరికి మామూలుగానూ కొందరికి ముగింపు ముందే చెప్పేసీ చదవమన్నారు. మొత్తం మీద ముగింపు తెలిసి చదివినవాళ్లకే కథలు ఎక్కువ నచ్చాయి. ఆ తర్వాత వేరేవాళ్లు చేసిన పరిశోధనల్లో ఫలితం అటూ ఇటూ అయింది కాబట్టి దాన్ని వేదవాక్కు అనను. ముగింపు తెలిసిపోతే కథ చచ్చిపోతుందన్న నమ్మకం మాత్రం అంత గట్టిది కాదని తేలిపోయింది.

నన్నడిగితే అసలు కిటుకు తిరగేసి ఉంది. ఉత్కంఠ పుట్టేది మనకి ఏదో తెలియకపోవడం వల్ల కాదు, తెలియడం వల్ల. సినిమా దర్శకుడు హిచ్‌కాక్ దీన్ని ఒక బల్ల, ఒక బాంబుతో తేల్చేశాడు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని పిచ్చాపాటీ మాట్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. చూసేవాళ్లకి పదిహేను సెకన్ల ఉలికిపాటు, అంతే. అదే బాంబు పెట్టడం మనకి ముందే చూపించి, ఒంటిగంటకి పేలుతుందని చెప్పి, గోడ గడియారంలో పావుతక్కువ ఒంటిగంట చూపిస్తే? అదే పిచ్చాపాటీ, అవే మాటలు, ఈసారి పదిహేను నిమిషాలు మనం కుర్చీ అంచుకి జరిగిపోతాం. ఆ కబుర్లు కట్టిపెట్టి బల్ల కిందికి చూడండ్రా బాబూ అని అరవాలనిపిస్తుంది. వాళ్లకి తెలియదు, మనకి తెలుసు, చెప్పే వీల్లేదు.

ఇక్కడి నుంచి గూఢచారి నవలకి ఒక్క అడుగే. మామూలు సస్పెన్స్ కథలో, తెలిసి చెప్పలేక గింజుకునేది పాఠకుడు. గూఢచారి కథలో ఆ బాధ పాత్రకే ఉంటుంది. అందరితోపాటు భోజనానికి కూర్చుంటాడు, నవ్వుతాడు, పిల్లల చదువులు అడుగుతాడు, లోపల ఇంకో లెక్క నడుస్తుంటుంది. మనమూ వాడూ ఒకే రహస్యం మోస్తుంటాం. అందుకే అంత దగ్గరవుతాడు. ఇంత చేసీ అది మనకి కొత్త అనుభవమేం కాదు. రోజంతా కౌంటర్లో కూర్చుని, సంతకం కలవని చెక్కు తెచ్చి గొడవపడే పెద్దమనిషికి మీరు చిరునవ్వుతో సమాధానం చెప్తారు చూడండి, ఆ చిరునవ్వు వెనక ఏముందో ఆయనకి తెలుసా? ఇంట్లో అత్తయ్యగారి దగ్గరొక ముఖం, మేనేజరు దగ్గరొక ముఖం, అమ్మాయి మార్కులు చూసినప్పుడొక ముఖం. మనకి పట్టుబడితే మహా అయితే మాటపడతాం. వాడికి ప్రాణం పోతుంది. అంతే తేడా.

ఆ ముఖాల బరువు తెలిసి రాసినవాడు జాన్ లె కారే. అది కలంపేరు. నిజంగా బ్రిటిష్ గూఢచార సంస్థలో ఉద్యోగి, సొంత పేరుతో నవలలు వేసుకోకూడదు. తండ్రి పేరుమోసిన మోసగాడు, జైలుకి కూడా వెళ్లాడు. అయిదేళ్లప్పుడు తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయింది. ఎవరేం దాస్తున్నారో కనిపెట్టుకుంటూ పెరిగిన పిల్లవాడు ఏమవుతాడు! 1961లో బెర్లిన్ గోడ లేచాక జర్మనీలోని బ్రిటిష్ రాయబార కార్యాలయంలో పనిచేస్తూ రాసిన నవల 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్', 1963లో వచ్చింది. అందులో లీమస్ అనే గూఢచారికి ఒక పని అప్పజెప్తారు. శత్రువులు వచ్చి వాణ్ని కొనుక్కోవాలి. అంటే ముందు వాడు అమ్ముడుపోయే మనిషిలా కనపడాలి. అందుకని తాగుబోతు అవుతాడు, ఆఫీసులో పరువు పోగొట్టుకుంటాడు, చివరికి ఒక కిరాణా కొట్టువాడు అప్పు ఇవ్వనన్నాడని వాణ్ని కొట్టి జైలుకెళ్తాడు. తన్నులు తిన్న కొట్టువాడికి అదంతా నాటకమని తెలియదు. చదువుతుంటే కాసేపటికి మనకీ అనుమానం వస్తుంది, ఈ తాగుడులో ఎంత నటన, ఎంత నిజం అని. వాడికే తెలియదేమో అని కూడా. తుపాకులు పెద్దగా పేలవు. ప్రశ్నలడిగే గదులు, సిగరెట్లు, చల్లారిన కాఫీలు. అయినా పుస్తకం కింద పెట్టలేం.

ఇలాంటి మనుషులు ఉంటారా అనుకుంటే, ఆ నవల వచ్చిన 1963లోనే, జనవరిలో, బీరూట్ నుంచి కిమ్ ఫిల్బీ మాయమయ్యాడు. బ్రిటిష్ గూఢచార సంస్థలో సోవియట్ వ్యతిరేక విభాగానికి ఒకప్పుడు అధిపతి. ఏళ్ల తరబడి మాస్కో మనిషి కూడా ఆయనే. దొంగని పట్టే పని దొంగకే అప్పజెప్పారన్నమాట. ఆయన పుట్టింది మన దేశంలోనే, అంబాలాలో, 1912లో. కిప్లింగ్ నవలలో లాహోరు వీధుల్లో తిరుగుతూ గూఢచారిగా తయారయ్యే కుర్రవాడి పేరే ముద్దుపేరుగా పెట్టారు. కాల్పనిక కథలో ఎవరైనా ఇలా రాస్తే మరీ అతిగా ఉందని సంపాదకుడు కొట్టేసేవాడు. ఫిల్బీ స్నేహితులు దెబ్బతిన్నది దేశం మోసపోయిందని మాత్రమే కాదు, తమతో కూర్చుని తాగిన సాయంత్రాలు ఏమైనట్టు అని. లె కారే నవలల్లో మళ్లీ మళ్లీ అడిగేది ఆ ప్రశ్నే.

ఇటువైపు ఇంకో జాతి ఉంది, ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో మొదలుపెట్టిన జేమ్స్ బాండ్ జాతి. బోర్ కొట్టే ఉద్యోగానికి కార్లూ విమానాలూ తొడిగి, అన్నీ తెలిసినవాడూ ఎక్కడైనా నెగ్గుకొచ్చేవాడూ ఒకడుంటే ఎంత బాగుండు అనే కోరిక తీర్చే కథలు. మన కృష్ణగారి 'గూఢచారి 116' వచ్చింది 1966లో, ఆ గాలి వీస్తుండగానే. మీ మేనమామ అద్దెకు తెచ్చుకున్న మధుబాబు షాడో కూడా ఈ దోవలోవాడే. అంతకుముందు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఉన్నారు, వాళ్ల దారి వేరు. వాళ్లది ఎవరు చేశారో తేల్చే కథ. పాకెట్ సైజు పుస్తకం, అద్దె షాపువాడు అట్టకి వేసిన దారం కుట్టు, మధ్యలో ఎవరో చింపుకుపోయిన పేజీ. పరువు తక్కువని పైకి అంటూనే దిండు కింద పెట్టుకున్న పెద్దలు ఎందరో. తెలుగులో గడగడా చదవడం ఒక తరానికి అలవాటు చేసినవాటిలో ఆ పుస్తకాల వాటా చాలా ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా ఒప్పుకోరు.

అసలు గూఢచారి ఉద్యోగం ఎలా ఉంటుందో ఇంగ్లిషు రచయిత సోమర్సెట్ మామ్ ఏనాడో చెప్పాడు. మొదటి ప్రపంచయుద్ధంలో స్విట్జర్లాండ్‌లో ఆ పని చేసినవాడు. ఆ పని మొత్తానికి విసుగెత్తించేదీ, అందులో చాలా భాగం దేనికీ పనికిరానిదీ అని తేల్చేసి, ఆ విసుగులోంచే 1928లో కథల పుస్తకం వేశాడు. బాండ్‌కి పాతికేళ్ల ముందే విరుగుడు తయారైందన్నమాట.

ఇక మీ నిద్ర సంగతి. ఇందులో మీ తప్పు తక్కువ, రాసినవాళ్ల కుట్ర ఎక్కువ. చాప్టర్ చివర తలుపు చప్పుడవుతుంది, ఫోన్ మోగుతుంది, 'నువ్వా!' అంటారు. మన వారపత్రికల్లో 'సశేషం' పడే చోటు చూసే ఉంటారు కదా, అదే విద్య. కాబట్టి 'ఈ ఒక్క చాప్టరే' అని ఒట్టు పెట్టుకోవడం అంటే వాళ్లు వలేసిన చోటికే వెళ్లి కూర్చోవడం. చాప్టర్ మధ్యలో ఆపండి. మొదటి రెండు పేజీల్లో ముడి కాస్త సడలుతుంది, మనుషులు కూర్చుని కాఫీ తాగుతుంటారు, అక్కడ గుర్తు పెట్టి లైటార్పేయండి. మొదట్లో చేయి ఆగదు, తర్వాత అలవాటవుతుంది.

దానికీ లొంగకపోతే ఇంకో ఉపాయం, వింటే మీ పుస్తకాల స్నేహితులు నన్ను తిడతారు. మర్నాడు డ్యూటీ ఉన్న రాత్రుల్లో ముందు చివరి చాప్టర్ చదివేయండి. ముగింపు తెలిస్తే కథ చచ్చిపోదని ఇంతసేపూ చెప్పాను కదా, దాన్ని వాడుకోండి. ఏమవుతుందోనన్న దురద పోతుంది, ఎలా జరిగిందన్న రుచి మిగులుతుంది, ఆ రుచి రేపటిదాకా ఆగుతుంది. హంతకుడెవరో తేల్చే డిటెక్టివ్ నవలకి మాత్రం ఇది చెయ్యకండి. అక్కడ రచయిత మీతో పందెం వేసుకుని ఆడుతుంటాడు, పేక ముక్కలు తిప్పి చూస్తే ఆటే లేదు.

మానుకోవాలా అని అడిగారు. నిద్ర నష్టం తప్ప మీ ఉత్తరంలో నాకు ఇంకో నష్టం కనపడలేదు. పనికొచ్చే పుస్తకం, పనికిరాని పుస్తకం అన్న విభజన మీ వారితో మీరే తేల్చుకోండి. ఒక్కటి మాత్రం గమనించుకోండి. చదివింది చదివినట్టే మర్చిపోయి, వెంటనే ఇంకోటి, ఇంకోటి పట్టుకుంటున్నారంటే ఆ రచయితలు మిమ్మల్ని పరిగెత్తిస్తున్నారే తప్ప ఏమీ చూపించట్లేదు. అప్పుడు రచయితని మార్చండి, రకాన్ని కాదు.

అమ్మాయి విషయంలో అత్తయ్యగారి మాట పూర్తిగా తోసెయ్యను. ఆవిడ రాత్రి పూట సీరియళ్లు చూస్తారో లేదో నాకు తెలియదు గానీ, చూస్తే మాత్రం పాలల్లో విషం కలపడం, ఆస్తి కాగితాలు మార్చడం వారానికో మారు మీ హాల్లోనే జరుగుతుంటాయి. హత్యలూ కుట్రలూ పదిహేడేళ్ల పిల్లకి కొత్తేం కాదు. నాకున్న అభ్యంతరం వేరే. పాత పాకెట్ నవలల్లో, ఫ్లెమింగ్‌లో ఇంకా ఎక్కువగా, ఆడది అంటే హీరోకి బహుమతి, లేదంటే వల. పరాయి దేశం వాడంటే ముఖం చూస్తేనే దుర్మార్గుడు. ఇవి పిల్లలకి కుట్రల కంటే మెత్తగా ఎక్కుతాయి. పుస్తకం లాక్కోకండి, అట్ట మీద న్యూస్‌పేపరు వేసి దాచకండి, దాస్తే దాని రుచి రెట్టింపు. మీరూ అమ్మాయీ ఒకే పుస్తకం చదివి, 'ఆ పిల్లకి వాడి మీద ఎప్పుడు అనుమానం రావాల్సింది?' అని వంట చేసుకుంటూ అడగండి. ఏ ఆధారం ఎక్కడ వచ్చిందో, ఎవరి మాట ఎందుకు నమ్మకూడదో పట్టుకునే పిల్ల రేపు ఫోన్లో బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామంటూ ఓటీపీ అడిగేవాణ్ని కూడా పట్టుకుంటుంది. మీ కౌంటర్‌కి రోజూ అలాంటి బాధితులు వస్తూనే ఉంటారు, మీకు నేను చెప్పేదేముంది. పరీక్షల నెలలో మాత్రం అటకెక్కించండి, మీవి కూడా కలిపి.

చదవాల్సినవి. మీ వారితో సంధి కుదరాలంటే 'ముద్రారాక్షసం'తో మొదలుపెట్టండి, తెలుగు అనువాదం ఆయన బీరువాలోనే ఉండొచ్చు. విశాఖదత్తుడి సంస్కృత నాటకం, చాణక్యుడికీ రాక్షసుడనే పేరున్న మంత్రికీ మధ్య వేగులతో నడిచే యుద్ధం. అందులో ఒక వేగు యముడి బొమ్మల పటం పట్టుకుని పాటలు పాడుతూ ఇంటింటికీ తిరుగుతాడు. ఒక ఇంటి గుమ్మంలోకి పసివాడు పరిగెత్తుకొస్తే, లోపలి నుంచి ఒకావిడ చెయ్యి చాపి వాణ్ని లాక్కుంటుంది. మగవాడి వేలికి చేసిన ఉంగరం ఆవిడ వేలికి వదులు, జారి దొర్లుకుంటూ వచ్చి ఆ వేగు కాళ్ల దగ్గర పడుతుంది. అది రాక్షసుడి ముద్ర ఉన్న ఉంగరం. అక్కడి నుంచి ఆయన పతనం మొదలు.

తర్వాత నవ్వుకోవాలంటే గ్రేయమ్ గ్రీన్ 1958లో రాసిన 'అవర్ మ్యాన్ ఇన్ హవానా'. క్యూబాలో వాక్యూమ్ క్లీనర్లు అమ్ముకునే మనిషిని గూఢచారిగా చేర్చుకుంటారు. పంపడానికి రహస్యాలేమీ లేక తను అమ్మే మెషిన్ భాగాల బొమ్మలు గీసి, ఇవి కొండల్లో కడుతున్న ఆయుధాలని లండన్‌కి పంపిస్తాడు. వాళ్లు నమ్ముతారు! గ్రీన్ స్వయంగా ఆ సంస్థలో, అదీ ఫిల్బీ కింద పనిచేసినవాడే, అందుకే ఆ వెటకారంలో అంత పదును. ఇంగ్లిషు కూడా తేలిగ్గా ఉంటుంది, మీ అమ్మాయికి కూడా ఇవ్వొచ్చు. ఆ తర్వాత ఫోర్సిత్ జాకాల్, కావాలంటే మామ్ కథలు.

లె కారే 1963 నవల ఆఖర్న పెట్టుకోండి, మర్నాడు సెలవున్న రోజు చూసి పట్టుకోండి. చివరి చాప్టర్ ముందు చదివే ఉపాయం చెప్పాను కదా, దీనికి మాత్రం వాడకండి. ఎవరు ఎవర్ని నమ్మించారన్నది లీమస్‌తోపాటే మీకూ తెలియాలి.